బంతికి పురుగు పట్టిందని పీకేయకండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: హైదరాబాద్ శివారులో ఇంటి వెనక 2 సెంట్ల పెరడు. అందులో 40 టమాటా మొక్కలు, పక్కన వంగ, బెండ. బంతి ఉంటే పురుగు దరిచేరదని ఎవరో చెబితే చుట్టూ గట్ల మీద బంతి నాటారు. తీరా చూస్తే బంతి పూలలోనే పచ్చ పురుగులు. టమాటా కాయలకూ అక్కడక్కడా బొక్కలు. బెండ మొక్కలేమో నీళ్లు పెట్టినా మధ్యాహ్నానికి తలలు వాల్చేస్తున్నాయి. బంతిని పీకేయాలా, దానికీ మందు కొట్టాలా అన్నది మీ ప్రశ్న.

రెండూ వద్దండీ. బంతి తన పని తాను చేస్తోంది. మీ వంతు పని మిగిలిపోయింది, అంతే.

"బంతి ఉంటే పురుగు రాదు" అనే మాట ఎక్కడ పుట్టిందో గానీ, దాన్ని నమ్మి దెబ్బతిన్నవాళ్లు చాలామంది ఉన్నారు, నాతో సహా. టమాటా వరకు చూస్తే బంతి ఒక ఎర. గాలానికి ఎర గుచ్చి చెరువులో వేసి, ఇంటికొచ్చి పడుకుంటే చేప ఎర తినేసి పోతుంది. మీ తోటలో జరిగింది సరిగ్గా ఇదే. పురుగు బంతికి రావాలి. వచ్చాక దాన్ని మనం ఏరేయాలి. ఏరకపోతే మీ బంతి వరసే పురుగుల పెంపకం కేంద్రం అవుతుంది, అక్కడ పెరిగినవి టమాటా మీదకి వస్తాయి.

నాది మదనపల్లె దగ్గర పల్లె. 20 ఏళ్లకు పైగా టమాటా మీదే బతుకుతున్నాను. బంతి పెట్టిన మొదటి ఏడాది నేను చేసిన తప్పు చెబుతాను, మీకు పనికొస్తుంది. నర్సరీ నుంచి టమాటా నారు, బంతి నారు ఒకే రోజు తెచ్చాను. రెండూ 25 రోజుల నారే. ఒకే రోజు నాటించాను. టమాటా నెల తిరక్కుండానే పూతకొచ్చింది. బంతి అప్పటికి జానెడు మొక్క, మొగ్గ జాడ లేదు. రాత్రిళ్లు తిరిగే రెక్కల పురుగుకి కనిపించింది టమాటా పూత ఒక్కటే. మూడో కోతకి ప్రతి క్రేటులోనూ బొక్కకాయలు ఏరి పారబోయడమే సరిపోయింది. ఆ తర్వాత నెలకి బంతి విరగబూసింది. మా ఆవిడ చూసి, "చుట్టాలు భోంచేసి వెళ్లాక విస్తరి వేశావు" అంది.

విస్తరి ముందే వేసి ఉంచడం ఎలాగో బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ, అదే ఐఐహెచ్‌ఆర్ వాళ్లు, 1990లలోనే లెక్క కట్టి చెప్పారు. నాకు అది ఆలస్యంగా తెలిసింది. 45 రోజుల బంతి నారు, 25 రోజుల టమాటా నారు ఒకే రోజు నాటాలి. 16 సాళ్ల టమాటాకి 1 సాలు బంతి. బంతి కూడా పొడుగ్గా పెరిగే పెద్ద పూల రకం. కిటుకు మొత్తం ఆ 20 రోజుల తేడాలోనే ఉంది. టమాటా మొదటి పూత విచ్చే వేళకి బంతి కూడా మొగ్గా పువ్వూ కలిసి నిండుగా ఉంటుంది. శనగపచ్చ పురుగు తల్లికి రెండూ ఎదురుగా ఉంటే బంతి వైపే ఎక్కువ మొగ్గుతుంది.

ఈ శనగపచ్చ పురుగు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ కాయలకు బొక్కలు పెట్టింది చాలావరకు ఇదే అయుంటుంది. తల్లి పురుగు గుడ్లను కుప్పగా పెట్టదు. ఒక్కో చోట ఒక్కోటి, గసగసాల గింజంత, లేత పసుపు తెలుపులో, లేత ఆకు మీదా మొగ్గ మీదా పెట్టుకుంటూ పోతుంది. ఒక్క తల్లే వందల గుడ్లు పెడుతుంది, కొన్ని వెయ్యి కూడా దాటిస్తాయి. 3, 4 రోజుల్లో గుడ్డు పగులుతుంది. పిల్ల పురుగు మొదట్లో ఆకు గీక్కుని తింటుంది, కాస్త ముదిరాక కాయకి చిల్లి పెట్టి తల లోపలికి దూర్చి, ఒళ్లు సగం బయట ఉంచి తింటుంది. ఒక కాయతో ఆగదు, పక్కదానికి పోతుంది. తల లోపల పెట్టాక మీరు ఏ మందు కొట్టినా దానికి సరిగా తగలదు. అందుకే గుడ్డు దశలోనో పిల్ల దశలోనో పట్టుకోవాలి.

మందుల సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. 1987లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిలో ఈ పురుగే విరుచుకుపడింది. అప్పటికి కొత్తగా వచ్చిన సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులు కొట్టినకొద్దీ చావడం మానేసింది. ఎన్నో కుటుంబాలు అప్పుల్లో కూరుకుపోయాయి. మందుకి అంత త్వరగా అలవాటు పడిపోయే పురుగుని 2 సెంట్ల పెరట్లో, రోజూ కాయ కోసుకుని కూర వండుకునే చోట, మందుతో ఎందుకు తరమడం?

ఇక ఎర ఖాళీ చేయడం ఎలాగో చెబుతాను. ఉదయం 6, 6.30 మధ్య, ఎండ ఎక్కకముందు వెళ్లండి. ఒక బకెట్‌లో సగం నీళ్లు, అందులో చెంచాడు గిన్నెలు తోమే సబ్బు ద్రావణం. పువ్వును కింద నుంచి రెండు వేళ్లతో పట్టుకుని, బొటనవేలితో రేకులు విప్పండి. పురుగు ఉన్న పువ్వు మీకు ముందే తెలిసిపోతుంది: రేకుల అంచులు కత్తిరించినట్టు ఉంటాయి, మధ్యలో ఆవాల్లాంటి పెంట గుళ్లు, కొంచెం చెమ్మ. ఇంకొంచెం విప్పితే పురుగు కనిపిస్తుంది, తల కిందికి పెట్టి రేకుల మొదళ్లు కొరుకుతూ. రంగు చూసి మోసపోకండి. ఒకటి పచ్చగా, ఒకటి గోధుమ రంగులో, ఇంకోటి కాస్త గులాబీ ఛాయలో ఉంటుంది. అన్నీ ఒకటే జాతి, ఒంటి మీద పక్కలకి నిలువునా తెల్లటి చార ఉంటుంది. పువ్వుతో సహా తుంచి బకెట్లో వేయండి. పురుగును మాత్రం ఏరి పువ్వును ఉంచుదామనుకోకండి, లోపల ఇంకోటి ఉంటుంది. మొగ్గలు కూడా చూడండి, చిన్న సూది బెజ్జం ఉన్న మొగ్గలో పిల్ల పురుగు ఉంటుంది. పక్కింట్లో కోళ్లుంటే సబ్బు నీళ్లు కూడా అక్కర్లేదు.

2 సెంట్లకి ఈ పని పావుగంట. రెండు రోజులకోసారి చాలు. వాన పడి ముసురు పట్టి, మబ్బు వదలని రోజుల్లో మాత్రం రోజూ చూడండి.

పూలు కోయడానికి మనసొప్పదు, ఆ బాధ నాకు తెలుసు. ఒక ఏడాది దసరా పది రోజులుందనగా సాలు నిండా పూలు. ధర బాగుంది, పండగ ముందు రోజు కోసి మార్కెట్‌కి పంపుదామని పువ్వును తాకకుండా వదిలేశాను. పండగ పూలు అమ్ముడైతే అయ్యాయి గానీ, ఆ పది రోజుల్లో ముదిరిన పురుగులు కొన్ని పక్క సాలు కాయల్లోకి పోయాయి, మిగిలినవి మట్టిలోకి దిగి కోశస్థ దశకి, అంటే రెక్కలు రాకముందు గూటిలో కదలకుండా ఉండే దశకి పోయాయి. రెండు వారాల తర్వాత అవే రెక్కల పురుగులై లేచాయి. పూల మీద వచ్చిన డబ్బు కాయల మీద పోయింది. బతుకమ్మకీ దసరా తోరణాలకీ పూలు కావాలంటే వేరేగా, తోటకి దూరంగా నాలుగు మొక్కలు పెట్టుకోండి. ఎర కోసం పెట్టిన బంతిలో పువ్వు విచ్చిన రెండు మూడు రోజులకి తెంపేయడమే. తెంపినకొద్దీ కొత్త మొగ్గ వేస్తుంది కాబట్టి ఎరకీ లోటుండదు.

ఇంకో చిన్న కిటుకు. బంతి మొక్కలకి తల తుంచితే పక్క కొమ్మలు వచ్చి పూత పెరుగుతుందని అందరికీ తెలుసు, కానీ పూత కొన్ని రోజులు వెనక్కి పోతుంది. అందుకే నేను సగం మొక్కలకే తల తుంచుతాను, సగం వదిలేస్తాను. వదిలినవి ముందు పూస్తాయి, తుంచినవి తర్వాత. టమాటా పూత, పిందె ఉన్నన్నాళ్లూ ఏదో ఒక బంతి మొక్క పూతలో ఉంటుంది.

టమాటా వైపు వేపనూనె కొట్టండి, బంతి మీద పడకుండా. 1500 పీపీఎం వేపనూనె లీటరు నీళ్లకి 5 మిల్లీలీటర్లు, సాయంత్రం పూట. వేప వాసన ఉన్నచోట తల్లి పురుగు గుడ్డు పెట్టడానికి వెనకాడుతుంది, పక్కనే వేప తగలని బంతి పూసి ఉంటే అటు పోతుంది. ఒకటి తోస్తుంది, ఒకటి లాగుతుంది. చాలామంది ఉత్సాహం కొద్దీ తోట మొత్తానికి వేప కొట్టేస్తారు, బంతికి కూడా. అలా చేస్తే ఎర మీద కారం చల్లినట్టే. అప్పటికీ కాయల్లో పురుగు కనిపిస్తూ ఉంటే బీటీ పొడి (పురుగుల్ని చంపే బ్యాక్టీరియా మందు) వాడుకోవచ్చు, అది సాయంత్రం, పిల్ల పురుగులున్నప్పుడే పని చేస్తుంది. మోతాదు ప్యాకెట్ మీద చూసుకోండి.

మీ 40 మొక్కలకి బంతి ఎన్ని కావాలి? 16 సాళ్లకి 1 సాలు అన్న లెక్క పొలానికి. పెరట్లో నేనైతే 8, 10 టమాటా మొక్కలకి ఒక పెద్ద బంతి చొప్పున 4 లేదా 5 పెడతాను, అదీ ఒకే గట్టు మీద కాకుండా టమాటా మధ్య మధ్యలో. మీరు చుట్టూ గోడ కట్టినట్టు దట్టంగా పెట్టారు. పొడుగు బంతి 3 అడుగులు లేచి, తూర్పు వైపు ఉంటే పొద్దుటి ఎండను మింగేస్తుంది, నీళ్లలో ఎరువులో వాటా అడుగుతుంది. పైగా అన్నిటినీ రెండు రోజులకోసారి వెతకడం మీ వల్ల కాదు. కొన్ని తీసేయండి, పురుగున్నవి తీసేటప్పుడు ముందు పూలు బకెట్లో వేసి తర్వాత మొక్క పీకండి.

బంతి వల్ల కానివి కూడా చెప్పాలి, లేకపోతే నేనూ ఆ "పురుగు రాదు" అన్నాయన లాంటివాణ్నే అవుతాను. టమాటా ఆకులో పొక్కుల్లా వెడల్పుగా పొర లేచి, కాయకి తొడిమ దగ్గర గుండుసూది బెజ్జాలు ఉంటే అది టూటా. దక్షిణ అమెరికా పురుగు, 2014లో మన దేశంలో మొదట మహారాష్ట్రలో కనిపించింది, తర్వాత మా వైపూ వచ్చింది. దానికి టమాటా, వంగ, ఆలు కుటుంబం కావాలి, బంతి వైపు తిరిగి చూడదు. దానికి లింగాకర్షక బుట్టలు (ఆడపురుగు వాసనతో మగపురుగుల్ని పట్టేవి) కట్టుకోవాలి, పొక్కులున్న ఆకులు తుంచి కాల్చేయాలి. వంగలో కొమ్మ తొలిచే పురుగుకీ అంతే: వాలిన కొమ్మను పురుగు ఉన్న చోటికి కిందగా కత్తిరించి పారేయడమే. బీర, కాకర కాయల్లో పండు ఈగకి బంతితో ఏమీ కాదు. పొగాకు లద్దె పురుగుకి ఎర ఆముదం, క్యాబేజీ రెక్కల పురుగుకి ఎర ఆవాలు. ఒక్కో దొంగకి ఒక్కో వల. పాములు రావు, దోమలు రావు అని బంతి పెట్టేవాళ్లున్నారు, వాటి మీద నమ్మకం పెట్టుకోకండి. మీ శివారులో కోతులుంటే వాటికీ బంతి మందు కాదు!

తెల్లదోమ, అంటే ఆకుల రసం పీల్చే సన్న తెల్ల పురుగు, దాని విషయం వేరు, అందులో కొంత నిజముంది. ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్ యూనివర్సిటీ వాళ్లు 2019లో ఒక పరిశోధన ప్రచురించారు. గ్లాస్‌హౌస్ టమాటా పక్కన చిన్న రకం ఫ్రెంచ్ బంతి పెడితే తెల్లదోమ పెరుగుదల తగ్గింది. కారణం బంతి వదిలే లిమోనీన్ అనే వాసన పదార్థం, నిమ్మ తొక్కలో ఉండేదే. అయితే మొదటి రోజు నుంచీ పక్కనే ఉంటే బాగా పనిచేసింది, దోమ ముదిరాక తెచ్చి పెడితే అంతగా ఫలితం లేదు. ఇంకో తేడా కూడా ఉంది: వాళ్లది గ్లాస్‌హౌస్‌లో ఉండే తెల్లదోమ జాతి, నాలుగు గోడల మధ్య వాసన నిలుస్తుంది. మన టమాటాకి ఆకుముడత వైరస్ మోసుకొచ్చేది వేరే జాతి, మన తోటలో గాలి ఆడుతూనే ఉంటుంది. అందుకని ముడతకి బంతిని నమ్ముకోవద్దు. నారు దశలో సన్న నైలాన్ వల కింద పెంచండి, పసుపు రంగు జిగురు అట్టలు కట్టండి, ముడత వచ్చిన మొదటి ఒకటి రెండు మొక్కల్ని మొహమాటపడకుండా పీకి పారేయండి.

బంతి తెచ్చిపెట్టే తలనొప్పులూ ఉన్నాయి. ఎండాకాలం మొదలవగానే, ఫిబ్రవరి చివర నుంచి, బంతికి ఎర్రనల్లి పడుతుంది. ఆకులు ఇటుక పొడి చల్లినట్టు పాలిపోతాయి, కొసల మధ్య సాలెగూడులాంటి సన్న దారాలు. మా ఇంట్లో వంగకి నల్లి ఎక్కింది ఇలాంటి బంతి నుంచే. నల్లి పట్టిన బంతిని బతికించాలని చూడకండి, అలాగే గోనెసంచిలో దించి బయట పారేయండి, దులపకుండా. తడి వాతావరణంలో నత్తలు లేత బంతిని రాత్రికి రాత్రే మొదలు దాకా మేసేస్తాయి.

మీరు మిరప కూడా వేస్తారేమో, వేస్తే ఒక జాగ్రత్త. 2021లో గుంటూరు, ఖమ్మం, వరంగల్ మిరప చేలల్లో నల్ల తామర పురుగు చేసిన నాశనం అందరం చూశాం. ఆ పురుగుకి పువ్వంటే ప్రాణం, బంతి పువ్వులో కూడా తామర పురుగులు బాగా చేరతాయి. వారానికోసారి ఒక పువ్వు తెంపి తెల్ల కాగితం మీద నాలుగుసార్లు తట్టండి. సన్నగా, గీతలా, గింజంత కూడా లేని పురుగులు కాగితం మీద పాకుతాయి. పది పదిహేను కనిపిస్తే ఆ సాలు పూలన్నీ తెంపేయాలి. కానీ అదే కాగితం మీద నలుపు తెలుపు మచ్చలతో, చకచకా పరుగెత్తే చిన్న నల్లి లాంటిది కనిపిస్తే దాన్ని చంపకండి. అది తామర పురుగుల్ని పట్టి పీల్చే పైరేట్ బగ్, మన పక్షం. అక్షింతల పురుగులూ (లేడీబర్డ్) అంతే. బంతి మీద మందు కొట్టొద్దని నేను మొండికేసేది ముఖ్యంగా వీటి కోసమే.

ఇప్పుడు మీ బెండ దగ్గరికి వస్తాను. అసలు బంతి గొప్పతనం ఇక్కడే ఉంది, కానీ మీరు పెట్టిన పద్ధతిలో అది దక్కదు. నీళ్లున్నా మధ్యాహ్నం వాలిపోయి, సాయంత్రానికి తేరుకుంటోందంటే నాకు అనుమానం వేరు మీదే. వాలిన మొక్కలో ఒకదాన్ని పట్టి లాగకండి, వేళ్లు తెగి ఏమీ తెలియదు. పక్క నుంచి పార దింపి మట్టి గడ్డతో సహా పైకి లేపి, బకెట్ నీళ్లలో పెట్టి మట్టి దానంతటది కరిగేదాకా ఆగండి. వేళ్ల మీద అల్లం కొమ్ముల్లా, పూసల దండలా బుడిపెలు కనిపిస్తే అది వేరుబుడిపె నులిపురుగుల పని, మట్టిలో కంటికి కనిపించనంత సన్నగా ఉంటాయి, మా వైపు నెమటోడ్స్ అనే అంటారు. చిక్కుడు, వేరుశనగ వేళ్లకి ఉండే బుడిపెలతో తికమక పడకండి. అవి గోటితో గీరితే ఊడి వస్తాయి, అవి మొక్కకి నత్రజని ఇచ్చే మంచి బుడిపెలు. ఇవి ఊడవు, ఆ వేరు తానే ఉబ్బిపోయి ఉంటుంది. బుడిపెలు లేకుండా వేరు కుళ్లి ఉంటే అది వేరే తెగులు, అప్పుడు ఈ కింది మాటలు మీకు వర్తించవు.

బంతి వేళ్లలో ఆల్ఫా టెర్థియనైల్ అనే పదార్థం ఉంటుంది. దీన్ని 1947లో అమెరికాలో బంతి రేకుల నుంచి మొదట వేరు చేశారు. 1958లో డచ్ శాస్త్రవేత్తలు ఇది నులిపురుగుల్ని చంపుతుందని చూపించారు. పైగా వేరుబుడిపె నులిపురుగు బంతి వేరులోకి దూరినా, టమాటా వేరులో కట్టుకున్నట్టు అక్కడ కాపురం కట్టుకోలేదు. బుడిపె కట్టలేక, గుడ్లు పెట్టలేక అక్కడే అంతమవుతుంది.

వినడానికి బాగుంది, అందుకే జనం టమాటా పక్కన ఒక బంతి గుచ్చి నులిపురుగు పోతుందనుకుంటారు. పోదు. నులిపురుగు రెక్కల పురుగులా ఎగిరి బంతి దగ్గరికి రాదు, మట్టిలో ఉన్నచోటే ఉంటుంది. బంతి వేరు ఎక్కడికి వెళ్తే అక్కడే దాని ప్రభావం. పక్కన అడుగు దూరంలో టమాటా వేరు దొరుకుతుంటే అది హాయిగా అక్కడే తింటుంది. కాబట్టి దీనికి బంతిని పంటగా, ఒంటరిగా, ఆ మడి నిండా వేయాలి. మొక్కకీ మొక్కకీ జానెడు కన్నా తక్కువ దూరం, అంటే 7 అంగుళాల లోపు. కనీసం 2 నెలలు, వీలైతే 3 నెలలు ఉంచాలి. మధ్యలో కలుపు ఒక్కటి కూడా లేవనివ్వొద్దు, కలుపు వేళ్ల మీద అవి బతికేస్తాయి. చివర్లో మొక్కల్ని ముక్కలు చేసి అదే మట్టిలో కలిపేయండి. ఎండు బంతి పూల పొడి చల్లితే సరిపోతుందా అని చాలామంది అడుగుతారు. పని చేసేది ముఖ్యంగా బతికున్న వేరు, పొడి ఎరువుగా పనికొస్తుంది. ఇదంతా చేసినా ఫలితం తర్వాత వేసే ఒక పంటకే అనుకోండి. అడుగు పొరల్లో మిగిలినవి మళ్లీ పెరుగుతాయి.

దీనికి పొడుగు బంతి కన్నా చిన్న ఫ్రెంచ్ రకాలు మేలు. పొట్టిగా, గుబురుగా, ఎరుపు గోధుమ కలిసిన చిన్న పూలు పూస్తుంది, నర్సరీల్లో ఫ్రెంచ్ మేరీగోల్డ్ అని అడిగితే ఇస్తారు. శనగపచ్చ పురుగుకి ఎరగా మాత్రం పెద్ద ముద్దబంతి. నర్సరీవాళ్లు ఒక్కోసారి ఏది ఉంటే అది చేతిలో పెడతారు, నాకు ఒకసారి పొడుగు రకం అని చెప్పి మోకాలెత్తు కూడా లేవనిది అంటగట్టారు. నారులో తేడా తెలియదు, అందుకే విత్తనం కొని మీరే నారు పోసుకోవడం మంచిది. ఇంగ్లిష్ పుస్తకాల్లో పాట్ మేరీగోల్డ్ అని కనిపిస్తుంది, అది అసలు మన బంతి కాదు, కాలెండ్యులా అనే వేరే మొక్క. పెద్ద రకాన్ని ఆఫ్రికన్, చిన్నదాన్ని ఫ్రెంచ్ అంటున్నారు గానీ రెండూ మెక్సికో వైపు నుంచి వచ్చినవే. పోర్చుగీసువాళ్లతో వచ్చిందంటారు, వచ్చి మన గొబ్బెమ్మల మీద కూర్చుంది.

సరే, మీ బెండ మడిలో బుడిపెలు కనిపిస్తే ఇలా చేయండి. వాలిన మొక్కల్ని వేళ్లతో సహా తీసి కంపోస్టులో వేయకుండా కాల్చేయండి. మిగిలినవి కాసినన్ని రోజులు కాయనివ్వండి, మొక్క మొదలు దగ్గర గుప్పెడు వేపపిండి వేసి నీళ్లు పెట్టండి. మొక్కలన్నీ అయిపోయాక ఆ మడి మొత్తానికి ఫ్రెంచ్ బంతి. ఎండాకాలం దగ్గర్లో ఉంటే ఇంకా తేలిక దారి ఉంది. ఏప్రిల్, మే నెలల్లో మడి బాగా తడిపి, పల్చటి పారదర్శక పాలిథిన్ పరిచి, అంచులు మట్టితో కప్పి 4 నుంచి 6 వారాలు వదిలేయండి. మన ఎండకి లోపల మట్టి ఉడికిపోతుంది. చిన్న పెరటికి, మిద్దె మీద గ్రో బ్యాగుల మట్టికి అయితే నా ఓటు పాలిథిన్‌కే. బ్యాగులో బంతి పెంచి 2 నెలలు ఆగే ఓపిక చాలామందికి ఉండదు. జామ, దానిమ్మ లాంటి చెట్లు ఉన్నచోట మాత్రం మట్టిని ఉడికించలేరు కాబట్టి, పాదు చుట్టూ దట్టంగా బంతి వేయడమే మేలు.

ఇంకొకటి, ఈ నులిపురుగు మీ పెరట్లోకి నడిచి రాలేదు. ఎర్రమట్టి ట్రాక్టర్‌లోనో, కొన్న నారు వేళ్లకో వచ్చి ఉంటుంది. ఇకపై కొన్న ఏ నారైనా నాటేముందు ఒక మొక్క వేరు కడిగి చూడండి.

ఈ వారం మీరు చేయాల్సింది బకెట్ పట్టుకుని బంతి పూలన్నీ ఒకసారి జల్లెడ పట్టడం. బొక్కపడ్డ టమాటా కాయల్ని మొక్క కింద పారేయకుండా అదే బకెట్లో వేయండి, లోపల పురుగు ఉంటుంది. రేపు సాయంత్రం టమాటాకి మాత్రం వేపనూనె. వచ్చే విడతకి క్యాలెండర్‌లో రాసి పెట్టుకోండి: టమాటా విత్తనం చల్లే రోజుకి 20 రోజుల ముందు బంతి విత్తనం. బంతి 5, 6 రోజుల్లో మొలుస్తుంది, 45 రోజులకి బరువైన మొక్క అవుతుంది కాబట్టి చిన్న గుంటల ట్రే కాకుండా పేపర్ కప్పుల్లో పోసుకోండి, లేకపోతే వేరు చుట్టుకుపోయి నాటాక ఎదగదు.

విత్తనం మీ తోటలోదే కట్టుకుందామంటే, హైబ్రిడ్ ముద్దబంతి నుంచి తీయకండి. గింజ తక్కువ కడుతుంది, మొలిచినా తల్లిలా ఉండదు. మామూలు నాటు రకం ఒక మొక్కను తోటకి దూరంగా ఉంచి, పువ్వు చెట్టు మీదే ఎండి తొడిమ గోధుమ రంగు తిరిగాక కోసి, నీడన ఆరబెట్టి, నల్లటి సన్న గింజలు మాత్రం కాగితం పొట్లంలో కట్టి పెట్టుకోండి. బెండ వేరు కడిగి చూశాక ఫొటో పెట్టండి, బుడిపెలో కుళ్లో చూసి చెబుతాను.